దవడ కదలు పానా

ఇనుప భాగములను ఒకదానితో నొకటి కూర్చుటకు పలు మార్గములు కలవు. వానిని కాల్చి అతుకవచ్చును. రివెట్లు కొట్టి బిగింపవచ్చును. కాని అట్లు కూర్చిన వానిని మరల విడదీయవలెనన్నచో కోయుటయో, నరకుటయో తప్పదు. బోల్టునకు నట్టు బిగించి చేసిన కూర్పు అట్టిది కాదు. అది కావలసినంత కాలము గట్టిగా నిలుచును. వలదనుకొన్ననాడు చెడకుండ ఊడివచ్చును. సైకిలు చక్రము మొదలుకొని రైలు పట్టా వరకు, చేతిపంపు మొదలుకొని పెద్ద వంతెన వరకు, ఎన్నియో వస్తువులు ఈ చిన్న నట్టులను నమ్ముకొని నిలిచియున్నవి.

నట్టును వ్రేళ్ళతో కొంతవరకే త్రిప్పగలము. ఆ పైన బిగింపవలెనన్నను, బిగిసిన దానిని వదులు చేయవలెనన్నను ఒక సాధనము కావలెను. అదియే పానా. దానిని కొందరు స్పానరు అనియు, మరికొందరు రెంచి అనియు అందురు. చూచుటకు అది నోరు తెరచిన ఒక ఇనుప కడ్డీ మాత్రమే. కాని అందు తులాదండ సూత్రము ఇమిడియున్నది. పిడి యెంత పొడవుగా నుండునో, అదే చేయి చూపు బలము నట్టుపై అంత హెచ్చుగా పనిచేయును.

నోరు మారని పానాతో ఒక చిక్కు కలదు. దాని నోటి వెడల్పు ఒక్క కొలత నట్టునకే సరిపోవును. నేడు వాడుకలోనున్న కొలతలలో 6 మిల్లీమీటర్ల బోల్టునకు సాధారణముగా 10 మిల్లీమీటర్ల పానా కావలెను. 8 మిల్లీమీటర్ల బోల్టునకు 13. 20 మిల్లీమీటర్ల బోల్టునకు 30. ఒక యంత్రమున పది విధములైన నట్టులున్నచో పది విధములైన పానాలు ఉండవలెను. పనివాడు స్తంభము పైననో, నూతిలోపలనో ఉన్నపుడు పానాల పెట్టెనంతటిని వెంట మోసికొనిపోవుట సాధ్యమగునా?

దగ్గరి కొలతగల పానాతో సరిపెట్టుకొనిన నేమి యని తోచవచ్చును. అందలి కీడు ఎంతటిదో చిన్న లెక్కతో తెలియగలదు. 25 సెంటీమీటర్ల పిడి చివర ఒకడు 20 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలముతో లాగెననుకొందము. ఆరు పలకల నట్టు వెడల్పు 19 మిల్లీమీటర్లైనచో దాని ఒక్కొక్క పలక పొడవు సుమారు 11 మిల్లీమీటర్లు ఉండును. పానా వదులుగా నున్నపుడు దాని దవడలు పలకలకు నిండుగా ఆనవు. ఎదురెదురుగా నున్న రెండు మూలలను మాత్రమే ఒత్తును. అప్పుడు ఒక్కొక్క మూలపై పడు ఒత్తిడి సుమారు 450 కిలోగ్రాముల బరువునకు సమానమగును. అంత బలము గోరంత చోటులేని మూలపై పడినపుడు ఆ మూల అరిగి గుండ్రనగును. ఒకమారు మూలలు పోయిన నట్టును పిమ్మట సరియైన పానా కూడ పట్టలేదు. అంతేకాదు, పానా హఠాత్తుగా జారినపుడు లాగుచున్న చేయి ఇనుముపై పడి నెత్తురు కారును. నిచ్చెనపై నున్నవాడైనచో క్రిందికి తూలిపడును.

పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగమున ఈ చిక్కు నేటికంటె పదింతలుగా నుండెను. ఆ కాలమున ఆవిరియంత్రములు, నేతమరలు, రైలుబండ్లు విరివిగా వచ్చుచుండెను. కాని బోల్టులకును, నట్టులకును అందరును అంగీకరించిన కొలతలు లేవు. ఏ కార్ఖానా కొలత దానిదే. 1841లో ఇంగ్లండునందు జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రనిపుణుడు మరచుట్లకు ఒకే పద్ధతి ఉండవలెనని చెప్పి కొలతలు ఏర్పరచెను. 1864లో అమెరికాయందు విలియమ్ సెల్లర్సు వేరొక పద్ధతిని ప్రతిపాదించెను. ఒక్కొక్క దేశమున ఒక పద్ధతి కుదురుకొన్నను, రెండు దేశముల యంత్రములు ఒకేచోట చేరినపుడు పాత చిక్కు మరల తలయెత్తుచునే యుండెను.

నట్టులన్నియు ఒకే తీరున నుండనపుడు పానాయే తన నోటిని మార్చుకొనిన నేమి? ఈ ఆలోచన పలువురకు పలు చోట్ల కలిగెను. అమెరికాలో లోరింగ్ కోస్ అనునతడు 1841లో ఒక పానాకు పేటెంటు పొందెను. పిడి పట్టిన చేతి బొటనవ్రేలితోనే మరను త్రిప్పి దవడను జరుపవచ్చుననుట అందలి విశేషము. ఇంచుమించు అదే కాలమున ఇంగ్లండునందు రిచర్డ్ క్లైబర్న్ అను ఇంజనీరు కూడ కదలు దవడగల పానాను తయారు చేసెను. ఇట్టి పానాలను మన పనివారు స్క్రూ స్పానరులని పిలుచుట కలదు.

అయితే ఇందొక వైరుధ్యము దాగియున్నది. దవడను త్వరగా జరుపవలెనన్నచో అది సులభముగా కదలవలెను. నట్టును గట్టిగా పట్టవలెనన్నచో అది ఎంతమాత్రమును కదలరాదు. సులభముగా జరుగునది సులభముగా జారును. గట్టిగా నిలుచునది మెల్లగా మారును. ఒకే సాధనము వ్రేలికి లొంగవలెను, కాని నట్టునకు లొంగరాదు. పనివాడు కోరినప్పుడు కదలుటయు, బలము తగిలినప్పుడు కదలకుండుటయు అను రెండు గుణములను ఒక చోట కూర్చుటయే ఈ పానా నిర్మాణమందలి అసలు సమస్య. దాని చరిత్రమంతయు ఈ సమస్యకు వెదకిన సమాధానముల చరిత్రమే.

ఆ సమాధానములలో లోకమంతట వ్యాపించినది స్వీడను దేశమున పుట్టినది. దానిని రూపొందించినవాడు జోహన్ పెటర్ జోహన్సన్. అతడు 1853వ సంవత్సరమున వోర్గోర్డా అను పల్లెప్రాంతమున ఒక పేద కుటుంబమున జన్మించెను. చిన్ననాటనే కాయకష్టమునకు దిగి, ఆవిరియంత్రముల దగ్గర పని నేర్చి, కార్ఖానాలలో మెకానిక్కుగా ఎదిగెను. తరువాత ఎన్‌షోపింగ్ అను పట్టణమున స్వంతముగా ఒక చిన్న కార్ఖానా పెట్టుకొని యంత్రములను బాగుచేయుచుండెను.

ఆ దినములలో ఆ ప్రాంతపు యంత్రములకు నట్టులు ఒక్కొక్కటి ఒక్కొక్క కొలతలో నుండెడివి. మరమ్మతునకు పోవునపుడు జోహన్సన్ బరువైన పానాల మూటను మోసికొని పోవలసి వచ్చెడిది. అవియు చాలకపోయినచో ఆ నట్టునకు తగిన పానాను క్రొత్తగా చేసికొనవలెను. ఈ కష్టమే అతనిని ఆలోచింపజేసెను. 1888లో అతడు గొట్టములను పట్టు ఒక పానాకు పేటెంటు పొందెను. గొట్టము గుండ్రముగా నుండును గనుక దానికి పలకల అవసరము లేదు; పళ్ళుగల దవడలతో కరచి పట్టినచో చాలును. కాని నట్టును పళ్ళతో కరచినచో దాని పలకలు చెడును. అందువలన నునుపైన, ఒకదానికొకటి సమాంతరముగా నుండు దవడలుగల వేరొక పానాను అతడు రూపొందించెను. 1892లో దానికి పేటెంటు లభించెను.

ఈ పానాలో ఒక దవడ పిడితో కలిసి ఒకే ఉక్కుముక్కగా నుండును. అది కదలదు. రెండవ దవడ పానా తలయందలి గాడిలో అటునిటు జరుగును. దాని క్రింది అంచునందు వరుసగా పళ్ళుండును. తల నడుమ చేసిన చిన్న కిటికీలో మరచుట్లుగల గుండ్రని ఉక్కుముక్క యొకటి కుదురుగా నుండును. దీనిని బొటనవ్రేలి మర యనవచ్చును. దీని చుట్లు దవడ పళ్ళలో చిక్కుకొనియుండును. మర తానున్న చోటనే తిరుగును గాని ప్రక్కకు పోవుటకు కిటికీ గోడలు అడ్డు. కాబట్టి అది తిరిగినపుడు పళ్ళు జరుగవలసినదే; పళ్ళతో దవడయు జరుగవలసినదే.

మరి, నట్టు దవడను వెనుకకు నెట్టినపుడు అదే మర వెనుదిరిగి దవడను వదలివేయదా? వదలదు. కారణము తెలియుటకు విద్యార్థులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఒక కాగితమును లంబకోణ త్రిభుజముగా కత్తిరించి, దాని నిలువు అంచును పెన్సిలునకు ఆనించి చుట్టినచో, ఏటవాలు అంచు మరచుట్టువలె కనబడును. మర యనగా స్తంభమునకు చుట్టిన వాలుతలమే యని దీనివలన తెలియును. వాలు తక్కువగానున్న పలకపై ఉంచిన ఇనుపదిమ్మె ఘర్షణవలన జారక నిలుచును. వాలు హెచ్చినకొలది ఒకచోట అది తనంత తాను జారిపోవును. మరయందును ఇదియే న్యాయము.

ఒక మర చుట్టుకొలత 38 మిల్లీమీటర్లనియు, ఒక్క చుట్టు తిరిగినపుడు దవడ 3 మిల్లీమీటర్లు జరుగుననియు అనుకొందము. అనగా 38 నడచుటకు 3 ఎక్కెడి వాలు. ఇది ఐదు డిగ్రీలకు లోబడిన మెత్తని వాలు. ఉక్కునకును ఉక్కునకును నడుమ కొంచెము నూనె యున్నను, సాధారణముగా ఇట్టి వాలుపై ఘర్షణయే గెలుచును. నట్టు ఎంత నెట్టినను మర తిరుగదు. నెట్టిన బలమంతయు కిటికీ గోడలపై పడి, పానా తలలోనికి పోవును. బొటనవ్రేలు మాత్రము వాలు వెంబడి త్రిప్పును గనుక మర సుళువుగా తిరుగును. వ్రేలికి లొంగి నట్టునకు లొంగకుండుట యను చమత్కారము ఈ మెత్తని వాలులోనే యున్నది.

ఈ పానా ప్రచారము పొందుటకు వ్యాపారము కూడ తోడ్పడెను. జోహన్సన్ తన పనిముట్లను అమ్ముటకు స్టాక్‌హోములోని బి. ఏ. యోర్త్ అను వర్తకునితో 1890లో ఒప్పందము చేసికొనెను. ఆ సంస్థ పేరులోని అక్షరములతోనే బాకో అను ముద్ర ఏర్పడెను. అతడు 1943లో మరణించునాటికి నూరునకు పైగా పేటెంట్లు అతని పేర నుండెను. ఒక వింత యేమనగా, కదలు దవడల పానాను ఏ దేశము కనుగొనెనో దాని పేరులనుబట్టి చెప్పజాలము. ఫ్రెంచివారు దానిని ఇంగ్లీషు తాళపుచెవి యందురు. పోలండువారు ఫ్రెంచి తాళపుచెవి యందురు. డెన్మార్కువారు స్వీడను తాళపుచెవి యందురు. జర్మనులు అందొక రకమును ఆంగ్లేయుడనియే పిలుతురు! ఏ దేశమునకు ఎచ్చటినుండి వచ్చెనో ఆ దేశపు పేరు దానికి నిలిచెనని తోచుచున్నది.

ఇంతటి పానాకును ఒక లోపము కలదు. అది మెల్లగా మారును. పైన చెప్పిన మరతో 10 మిల్లీమీటర్ల నట్టునుండి 30 మిల్లీమీటర్ల నట్టునకు పోవలెనన్నచో దవడ 20 మిల్లీమీటర్లు జరుగవలెను. అందుకు మర దాదాపు ఏడు చుట్లు తిరుగవలెను. బొటనవ్రేలు ఒక్కమారు దొర్లించినపుడు పావుచుట్టు మాత్రమే తిరిగెననుకొనినచో, వ్రేలు ఇరువది యేడు మార్లు కదలవలెను. చీకటిలో, చలిలో, నూనె అంటిన చేతితో పనిచేయువానికి ఇది చిన్న కష్టము కాదు.

అయినచో మర వాలును పెంచిన నేమి? ఒక చుట్టునకు 3 మిల్లీమీటర్లకు మారుగా 12 మిల్లీమీటర్లు జరుగునట్లు చేసినచో, రెండు చుట్లలోపుననే పని పూర్తియగును. కాని అప్పుడు వాలు పదునేడు డిగ్రీలు దాటును. నూనె తగిలిన ఉక్కుపై ఘర్షణ అంతటి వాలును సాధారణముగా ఆపజాలదు. నట్టు నెట్టగనే మర వెనుదిరుగును, దవడ తెరచుకొనును. త్వరను కొనుటకు పట్టును అమ్ముకొన్నట్లగును. ఒక్క మరతో రెండు గుణములను పెంచుటకు వీలులేదని ఇందువలన స్పష్టమగుచున్నది.

దీనికి నిర్మాతలు కనుగొనిన ఒక మార్గము మిక్కిలి సొగసైనది. ఒక్క మరకు రెండు పనులు అప్పగింపక, రెండు మరలకు ఒక్కొక్క పని అప్పగించిరి. ఇట్టి పానాలో దవడను పట్టునది మెత్తని వాలుగల పాత మరయే. కాని పిడి పొడవునను, నిట్టవాలుగా మెలివేసిన సన్నని కడ్డీ యొకటి ఆ మరతో కలిసియుండును. కడ్డీపై ఒక చిన్న జారుడుబిళ్ళ అమర్చబడియుండును. బిళ్ళను బొటనవ్రేలితో పిడి వెంబడి నెట్టగనే మెలివేసిన కడ్డీ గిరగిర తిరుగును. దానితో మరయు తిరిగి దవడను జరుపును. నిట్టవాలు త్వరను ఇచ్చును. మెత్తని వాలు పట్టును ఇచ్చును. నట్టు దవడను నెట్టినపుడు ఆ బలము మెత్తని వాలుగల మర దగ్గరనే ఆగిపోవును. కడ్డీ వరకు రాదు.

మరియొక మార్గమున దవడకు పళ్ళ వరుస ఉండును. మరకు మారుగా ఒక మీట ఆ పళ్ళలో దిగియుండును. మీటను నొక్కినచో దవడ స్వేచ్ఛగా జారును. వదలినచో స్ప్రింగు మీటను మరల పంటిలోనికి దింపును. ఇది అన్నిటికంటె త్వరితమైనది. కాని దవడ పంటినుండి పంటికే పోగలదు. రెండు పళ్ళ నడుమ నిలువలేదు. నట్టు కొలత ఆ నడుమ పడినచో పట్టు వదులగును. అందుచేత ఇట్టి అమరిక పట్టుకారులకు బాగుగా తగును. అచ్చట మిగిలిన వదులును మనిషి పిడికిలి బిగించి పూరింపగలడు.

మూడవ మార్గము లాగుడునే పట్టుగా మార్చుట. అమెరికాలో డేనియల్ స్టిల్సన్ 1869లో పేటెంటు పొందిన గొట్టపు పానా ఇట్టిది. దాని కదలు దవడ కొంచెము ఊగునట్లు అమర్చబడియుండును. పిడిని ఒకవైపు లాగినపుడు దవడ మరింత బిగియును. మరియొకవైపు త్రిప్పినపుడు వదలును. ఎంత గట్టిగా లాగిన అంత గట్టిగా పట్టును. కాని దాని పళ్ళు ఇనుమును గాటుపెట్టును గనుక నునుపైన నట్టులకు అది తగదు. ఇట్లు ఒక్కొక్క ఉపాయము ఒక మేలును ఇచ్చి, దానికి వెలగా మరియొక దానిని అడుగును.

ఎంత చక్కగా చేసిన కదలు దవడ పానాయైనను ఒకే కొలతగల పానాతో సమానము కాజాలదు. కదలవలసిన భాగములకు నడుమ వెండ్రుకవాసి సందైన లేనిచో అవి కదలవు. ఆ సందు వలన దవడ కొంచెము వెనుకకు ఒరుగును. ఏండ్ల తరబడి వాడిన పానాలో ఆ సందు పెరుగును. కాబట్టి బాగుగా తుప్పుపట్టి బిగిసిన నట్టునకు ఒకే కొలతగల పానాయో, నట్టు నాలుగువైపుల ఆవరించు రింగు స్పానరో మేలు. ఏ పానా సరిపడునో తెలియని చోటను, పెట్టెను మోయలేని చోటను కదలు దవడ పానా ఉపకరించును.

దానిని వాడుటకు కొన్ని నియమములు కలవు. మొదట దవడను నట్టు పలకలకు నిండుగా ఆనించి, వేలితో మరను బిగింపవలెను. నట్టుపై నుంచిన పిమ్మట మరియొకమారు బిగించుట ఇంకను మంచిది. రెండవది, హెచ్చు బలము కదలని దవడపై పడునట్లు పానాను ఉంచి, కదలు దవడ ఉన్న వైపునకు త్రిప్పవలెను. ఏలయన కదలని దవడ పిడితో ఏకమైనది. రెండవదానికి ఆధారము చిన్న పళ్ళు మాత్రమే. మూడవది, పిడిని తనవైపు లాగవలెనే గాని నెట్టరాదు. నెట్టునపుడు పానా జారినచో చేయి పోయి ఇనుమును గుద్దుకొనును. నాలుగవది, బలము చాలలేదని పిడికి గొట్టము తొడిగి పొడిగింపరాదు. పానా తల ఎంత బలమునకు తగునో పిడి పొడవును అంతకే ఏర్పరచియుందురు. ఐదవది, పానాను సుత్తిగా వాడరాదు. దెబ్బలకు గాడి వంగినచో దవడ ఇక తిన్నగా జరుగదు.

ఈ నియమములలో ఏదియు కంఠస్థము చేయవలసినది కాదు. దవడ ఎందుకు కదలునో, ఎందుకు నిలుచునో తెలిసినవానికి ఇవన్నియు తమంతట తామే తోచును. తెలియనివాడు అదే పానాతో నట్టును చెరచి, చేతిని గాయపరచుకొని, పానాను నిందించును. సైకిలు దుకాణమున ఒక మూల వ్రేలాడు మసిబారిన పానాయందు ఒక వాలుతలము, ఒక తులాదండము, ఘర్షణ అను మూడు పాఠములు కలవు. దానిని చేతికి తీసికొని, బొటనవ్రేలితో మరను మెల్లగా దొర్లించి, పిమ్మట దవడను చేతితో నెట్టి చూచినచో, వ్రేలికి లొంగినది చేతికి లొంగకుండుట ప్రత్యక్షముగా కనబడును.